సెరెన్ తావున్: పశ్చిమ జావా కసెపుహాన్ గ్రామాల వరికోత ఆచారాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇండోనేసియా వరి పండుగల గురించి చదివినప్పుడు బాలి ద్వీపం పేరే ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడి ప్రశ్నలు మాత్రం పశ్చిమ జావా కొండల్లో ఉన్న సుండా ప్రజల గురించినవి, అందులోనూ కసెపుహాన్ గ్రామాల గురించినవి. కోత పండుగ అనగానే నృత్యం, ఊరేగింపు, విందు గుర్తుకు రావడం సహజం. అవి ఇక్కడా ఉన్నాయి. అయితే ఈ ఆచారాలలో ప్రతి ఒక్కటీ ధాన్యాన్ని కోయడానికి, ఎండబెట్టడానికి, దాచడానికి, లెక్క చూడడానికి, తినడానికి సంబంధించిన ఏదో ఒక నియమాన్ని మోస్తూ ఉంటుంది. వాటిని ఆ దృష్టితో చూస్తేనే అర్థం తెలుస్తుంది.

సెరెన్ తావున్ అంటే ఏమిటి?

సుండా భాషలో ‘సెరెన్’ అంటే అప్పగించడం, ‘తావున్’ అంటే సంవత్సరం. గడిచిన వ్యవసాయ సంవత్సరాన్ని, అది ఇచ్చిన ధాన్యాన్ని అప్పగించి కొత్త సంవత్సరాన్ని స్వీకరించే పండుగ ఇది. సుండా ప్రజలు జావా ద్వీపంలోనే ఉన్నా వారి భాష జావా భాష కాదు. వారి ఆచారాలకూ ప్రత్యేకమైన రూపం ఉంది. కోత, ఎండబెట్టడం, గాదెకు చేర్చడం, కొత్త బియ్యం వండడం అన్నీ ముగిసిన తరువాతనే సెరెన్ తావున్ వస్తుంది కనుక, కోత మొదలుపెట్టే పండుగగా కాక, ఏడాది పనికి ముగింపు పలికే పండుగగా దీనిని తీసుకోవాలి.

కసెపుహాన్ అంటే ఎవరు?

‘సెపుహ్’ అంటే పెద్ద, వృద్ధుడు. పెద్దల మార్గాన్ని అనుసరించే సముదాయాలను కసెపుహాన్ అంటారు. ఇవి హాలిమున్ పర్వత ప్రాంతంలో, పశ్చిమ జావా, బాంతెన్ రాష్ట్రాల సరిహద్దుల్లో విస్తరించి ఉన్నాయి. వాటిలో ఎక్కువ పేరున్నది సుకబూమి జిల్లాలోని చిప్తగెలార్. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ గ్రామం ఎప్పుడూ ఒకే చోట ఉన్నది కాదు. పూర్వీకుల ఆదేశం వచ్చిందని నమ్మినప్పుడు పెద్ద తన కేంద్రాన్ని మరో చోటికి మారుస్తాడు. 2000 ప్రాంతంలో అబా అనోమ్ కాలంలో చిప్తరాస నుంచి ఇప్పుడున్న చోటికి అలాగే వచ్చారు. ‘అబా’ అంటే తండ్రి, సముదాయ పెద్దను పిలిచే గౌరవ పదం. 2007లో అబా అనోమ్ మరణించాక ఆ బాధ్యత ఆయన కుమారుడు అబా ఉగికి వచ్చింది. పెద్ద నివసించే ఇంటిని ‘ఇమాహ్ గెదె’, అంటే పెద్ద ఇల్లు, అని పిలుస్తారు.

వరిని స్త్రీగా, తల్లిగా ఎందుకు భావిస్తారు?

వరికి అధిదేవతగా సుండా ప్రజలు న్యి పొహాచి సంగ్‌హ్యాంగ్ అస్రిని తలచుకుంటారు. జావా, బాలి ద్వీపాల్లో ఆమెనే దేవి శ్రీ అంటారు. ‘శ్రీ’ మన శ్రీయే. సంస్కృతం సముద్రం దాటి అక్కడికి చేర్చిన పేరు అది. కథ మాత్రం మన లక్ష్మీదేవి కథ కాదు. ఒక కథనం ప్రకారం దేవలోకాధిపతి బతార గురు ఒక మందిరం కట్టించడానికి పూనుకొని దేవతలందరినీ పనికి రమ్మన్నాడు. సర్పదేవుడైన అంతకు చేతులు లేవు, పని చేయలేడు. ఆ దుఃఖంతో అతడు కార్చిన మూడు కన్నీటి బొట్లు గుడ్లయ్యాయి. వాటిని బతార గురుకు కానుకగా తీసుకువెళ్లేటప్పుడు రెండు దారిలోనే పగిలిపోగా, మిగిలిన ఒక్కదాని నుంచి ఒక ఆడపిల్ల పుట్టింది. ఆమె పెరిగి అందగత్తె అయ్యాక పెంచిన బతార గురే ఆమెను కోరుకోవడంతో, జరగబోయే అనర్థానికి భయపడిన దేవతలు ఆమెకు విషమిచ్చి చంపి భూమిలో పాతిపెట్టారు. ఆ సమాధి నుంచి మొక్కలు మొలిచాయి. తల నుంచి కొబ్బరి, ఇతర అవయవాల నుంచి వెదురు, తీగలు, తాటి కుటుంబానికి చెందిన అరెన్ అనే చక్కెర చెట్లు రాగా, ఆమె దేహం నుంచే వరి కూడా వచ్చింది. ఏ అవయవం నుంచి ఏ మొక్క వచ్చిందన్నది ఊరూరికీ మారుతుంది.

నిర్దోషి అయిన ఒక ఆడపిల్ల దేహాన్ని మనం తింటున్నామన్న ఎరుక ఈ కథలో ఉంది. వరిని కోసేటప్పుడు, దంచేటప్పుడు, వండేటప్పుడు పాటించే మర్యాదకు మూలం ఆ ఎరుకే అని నేను భావిస్తాను. వరికి స్త్రీ దేహ దశలను అన్వయించడం తెలుగు రైతుకూ కొత్త కాదు. మనమూ ‘పైరు పొట్టకొచ్చింది’ అంటాము, ‘ఈనింది’ అంటాము, ‘గింజ పాలు పోసుకుంది’ అంటాము. జావాలో చాలా చోట్ల పొట్ట దశలో ఉన్న పొలానికి, గర్భిణికి పెట్టినట్టే, పుల్లని పండ్లు నైవేద్యంగా తీసుకువెళ్తారు. మనకు మాటలో మిగిలినది అక్కడ ఆచారంగా నిలిచింది.

కసెపుహాన్ ప్రజలు ముస్లిములు కదా, దేవతను ఎలా కొలుస్తారు?

వారు ముస్లిములే. క్రతువులలో సాంబ్రాణి ధూపంతో పాటు అరబీ ప్రార్థనలు కూడా వినిపిస్తాయి. ఈ ప్రశ్నకు చిప్తగెలార్ పెద్దలు చెప్పే సమాధానం ఒక సుండా వాక్యంలో ఉంది: ‘ముపుస్తి పారె, లాయిన్ మిగుస్తి పారె’. వరిని భక్తితో కాపాడుకుంటాము గాని వరిని దేవుడిగా చేసుకోము అని దాని భావం. ‘పుస్తి’, ‘గుస్తి’ అన్న రెండు మాటల మధ్య ఒక్క అక్షరమే తేడా. మొదటిది గౌరవంతో పోషించడం, రెండవది ప్రభువుగా ఎంచడం. బయటివారు ఈ ఆచారాలను ‘ఇస్లాం పైపూతే, లోపల ఉన్నది పాత మతమే’ అని తేల్చి చెప్పడం తరచుగా కనిపిస్తుంది. ఆ తీర్పు వారి మాటను వినకుండా ఇచ్చినదని నా అభిప్రాయం.

విత్తడానికి సమయం ఎలా నిర్ణయిస్తారు?

నక్షత్రాలను చూసి నిర్ణయిస్తారు. కసెపుహాన్ రైతులు ప్రధానంగా రెండు నక్షత్ర సమూహాలను గమనిస్తారు. ఒకటి ‘కెర్తి’, రెండవది ‘కిదాంగ్’. ‘తంగల్ కెర్తి కానా బెసి, తంగల్ కిదాంగ్ తురున్ కుజాంగ్’ అన్నది వారి సూత్రం. కెర్తి కనిపించినప్పుడు ఇనుము సంగతి చూసుకోవాలి, అంటే పనిముట్లు సిద్ధం చేసుకోవాలి. కిదాంగ్ కనిపించినప్పుడు కత్తి పట్టి పొలంలోకి దిగాలి. కిదాంగ్ మరుగైన కాలంలో కంకినల్లి వంటి పురుగు దిగుతుందని, అప్పటికి గింజ గట్టిపడి ఉండాలని ఇదే సూత్రానికి మరో భాగం హెచ్చరిస్తుంది.

తెలుగు పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగవలసిన విషయం ఉంది. కెర్తి అంటే మన కృత్తికలు, తెలుగు పల్లెలు పిల్లలకోడి అని పిలిచే చుక్కల గుంపు. కిదాంగ్ అంటే జింక. ఆ చుక్కలున్నది మన మృగశిర ఉన్న నక్షత్రమండలంలోనే, మృగశిర అంటే జింక తల. మృగశిర కార్తె అనగానే మన రైతుకు తొలకరి గుర్తుకు వస్తుంది. అదే జింకను చూసి హాలిమున్ కొండల్లో రైతు విత్తనం పట్టుకుంటాడు. మనకు కార్తె సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్న కాలం, వారికి ఆ చుక్కలు ఆకాశంలో ఎక్కడ నిలిచాయన్నది ముఖ్యం కనుక నెలలు కలవవు, వానలు కూడా భూమధ్యరేఖకు అవతల వేరే నెలల్లో వస్తాయి.

మెట్టపొలాన్ని ‘హూమా’ అని, నీటి మడిని ‘సావా’ అని అంటారు. హూమాలో విత్తే క్రతువును ‘న్గసెక్’ అంటారు. పురుషులు మొన తేలిన కర్రలతో నేలలో గుంటలు పొడుస్తూ ముందు నడిస్తే, స్త్రీలు వెనుక వస్తూ ఆ గుంటల్లో గింజలు వేస్తారు.

ఏడాదికి ఒక్క పంటే ఎందుకు?

భూమి తల్లి, ఆకాశం తండ్రి, తల్లి ఏడాదికి ఒక్కసారే కంటుంది అన్నది వారి విశ్వాసం. అదనంగా కనమని ఆమెను బలవంతపెట్టకూడదు. నాట్లు, కోతలు ఊళ్లన్నీ ఇంచుమించు ఒకే కాలంలో చేసి, ఆ తరువాత నేలను విశ్రాంతిగా వదిలేయడం వల్ల పురుగుకు ఏడాది పొడవునా తిండి దొరకదు. విశ్వాసం చెప్పిన మాటా, పొలం చెప్పే మాటా ఇక్కడ ఒకటే అయ్యాయి.

కోత మొదలుపెట్టే ముందు ఏం చేస్తారు?

‘మిపిత్’ అనే క్రతువు జరుపుతారు. ‘మిపిత్ కుదు అమిత్, న్గల కుదు మెంత’ అన్న సుండా సామెత దీనికి ఆధారం. కోయాలంటే సెలవు అడగాలి, తీసుకోవాలంటే వేడుకోవాలి. ముందుగా సముదాయ పెద్ద కుటుంబం పూర్వీకులకు, నేలకు విన్నవించుకొని తమ పొలంలో తొలి వెన్నులు కోస్తుంది. ఆ తరువాతనే మిగతావారు తమ తమ పొలాల్లో అదే విధంగా చేసి కోతలు మొదలుపెడతారు. పైరు పండింది కదా అని ఎవరికి వారు కొడవలి పట్టుకొని దిగడం ఉండదు.

తొలిగా కోసిన వెన్నుల్లో మేలైన వాటిని ‘ఇందుంగ్ పారె’, అంటే తల్లి వరి, గా వేరు చేస్తారు. మరుసటి ఏటి ప్రాణం అందులో ఉందని భావిస్తారు. విత్తనం ఎంపిక అనే అతి ముఖ్యమైన పని ఆ విధంగా కోతల ఆరంభంలోనే, శ్రద్ధగా, క్రతువులో భాగంగా జరిగిపోతుంది. చిప్తగెలార్‌లో 100కు పైగా దేశవాళీ వరి రకాలు నేటికీ సాగులో నిలిచి ఉండడానికి ఈ అలవాటే కారణమని చెప్పవచ్చు. మన ప్రాంతంలో పాత వంగడాలను ఇప్పుడు కొందరు ఎంతో కష్టపడి వెతికి పోగుచేస్తున్నారన్న సంగతి తెలిసినవారికి ఈ మాట విలువ అర్థమవుతుంది.

కొడవలి వాడరా?

వాడరు. ‘ఎతెమ్’ అనే చిన్న కత్తితో కోస్తారు. ఇండోనేసియా భాషలో దానినే ‘అని-అని’ అంటారు. అరచేతిలో ఒదిగే చెక్కముక్కకు సన్నని ఇనుప రేకు బిగించి ఉంటుంది. వేళ్ల మధ్య దాన్ని దాచిపెట్టుకొని ఒక్కొక్క వెన్నునే కాడతో సహా తుంచుతారు. కత్తిని చూసి వరి తల్లి బెదరకూడదు కనుక దాన్ని అరచేతిలో దాచాలని చెబుతారు. పొడవుగా పెరిగే దేశవాళీ రకాల్లో వెన్నులన్నీ ఒకేసారి పండవు కాబట్టి, పండిన వాటిని మాత్రమే ఏరుకోవడానికి ఈ కత్తి అనువుగా ఉంటుంది. కాడతో కోసిన వెన్నులను కట్టలుగా కట్టడమూ తేలిక.

జావాలోని మైదాన ప్రాంతాల్లో 1970ల నుంచి అని-అని స్థానంలో కొడవలి వచ్చింది. పొట్టిగా పెరిగి, గింజ తేలికగా రాలే కొత్త రకాలను మొదలుకంటా కోసి అక్కడికక్కడే నూర్చవలసి వచ్చింది. చిన్న కత్తి ఎక్కువగా ఆడవారి చేతిలో ఉండేది, కొడవలి మగవారి చేతికి వెళ్లింది. ఊరి పేద స్త్రీలు కోతకు వచ్చి తమ వంతు ధాన్యం తీసుకువెళ్లే హక్కు కూడా ఆ మార్పుతో చాలా చోట్ల తగ్గిపోయింది. ఒక పనిముట్టు మారినంత మాత్రాన ఇంత మారుతుందా అని సందేహించేవారు ఈ చరిత్రను చూడాలి.

కోసిన ధాన్యాన్ని ఏం చేస్తారు?

కట్టలుగా కట్టిన వరిని ‘పొచోంగ్’ అంటారు. పొలం పక్కన వెదురుతో దండెలు కట్టి, వాటిపై ఈ కట్టలను వరుసలుగా వేలాడదీస్తారు. ఆ దండెల పేరు ‘లంతాయన్’. ఎండ, గాలి తగిలి గింజ బాగా ఆరే వరకు వారాల తరబడి అలాగే ఉంచి, తరువాత కావడి మీద మోసుకువచ్చి ‘లెయిత్’లో, అంటే గాదెలో, భద్రపరుస్తారు.

లెయిత్ కట్టడం చూడదగినది. రాళ్లపై నిలిపిన కొయ్య స్తంభాల మీద, వెదురు తడికల గోడలతో, నల్లని తాటిపీచు వంటి నారతో కప్పిన పైకప్పుతో ఉంటుంది. కిటికీలు ఉండవు, పైభాగంలో చిన్న తలుపు మాత్రం ఉంటుంది. నేలకు ఎత్తున ఉండడంతో తేమ చేరదు, ఎలుకలకూ దారి దొరకదు. నిప్పు ప్రమాదం జరిగినా తిండి మిగలాలని వీటిని ఇళ్లకు దూరంగా కడతారు. నూర్చకుండా వెన్నుతోనే దాచిన వడ్లు ఏళ్ల తరబడి చెడిపోకుండా ఉంటాయి. కుటుంబానికి ఒకటి, కొందరికి అంతకంటే ఎక్కువ లెయిత్‌లు ఉంటాయి. వీటన్నిటికీ పైన సముదాయం మొత్తానికి చెందిన ‘లెయిత్ సి జిమత్’ ఉంది. అవసరం వచ్చిన కుటుంబం అందులోంచి వడ్లు అప్పుగా తీసుకొని తరువాతి కోతలో తిరిగి నింపుతుంది.

కొత్త బియ్యాన్ని ఎప్పుడు తింటారు?

కోసిన వెంటనే తినరు. ‘న్గన్యారన్’ అనే క్రతువుతో కొత్త బియ్యాన్ని తొలిసారి దంచి, వండి, పూర్వీకులకు నివేదించిన తరువాతనే తింటారు. అంతవరకు పాత ధాన్యంతోనే గడుపుతారు. మర మీద బియ్యం ఆడించడం కసెపుహాన్ ఆచారానికి విరుద్ధం. పడవ ఆకారంలో తొలిచిన ‘లిసుంగ్’ అనే పొడవాటి చెక్క రోట్లో స్త్రీలు రోకళ్లతో దంచుతారు. మన దంపుళ్ల పాటలు విన్నవారికి ఆ లయ పరిచయమైనట్టే అనిపిస్తుంది. అన్నాన్ని కట్టెల పొయ్యి మీద, ‘సెయెంగ్’ అనే రాగి పాత్రపై నిలిపిన వెదురు బుట్టలో, ఆవిరి మీద ఉడికిస్తారు. ఇల్లాలి చేతి మీదుగా ఈ పనంతా జరగాలి. బియ్యం దాచే ‘గోవా’ అనే చిన్న గది కూడా ఆమె అధీనంలోనే ఉంటుంది.

సుండా భాషలో పైరునూ వడ్లనూ ‘పారె’ అని, బియ్యాన్ని ‘బెయాస్’ అని, అన్నాన్ని ‘సంగు’ అని అంటారు. వడ్లు, బియ్యం, అన్నం అని వేరువేరు మాటలున్న మనకు దీన్ని వివరించి చెప్పనక్కరలేదు.

సెరెన్ తావున్ రోజున ఏం జరుగుతుంది?

పండుగకు ముందు ‘పొంగోకన్’ అనే సమావేశం ఉంటుంది. వివిధ ఊళ్ల ప్రతినిధులు పెద్ద ఇంటికి వచ్చి, తమ పరిధిలో ఎంతమంది ఉన్నారో, ఏడాది ఎలా గడిచిందో నివేదిస్తారు. జనన మరణాల లెక్కా, పండుగ ఖర్చుల లెక్కా అక్కడే తేలుతాయి. పండుగ తేదీ కూడా పెద్దల నిర్ణయమే. అది ఏటా ఒకే రోజున రాదు, ఒక్కో కసెపుహాన్‌లో ఒక్కో రోజున జరుగుతుంది. ఈ సమావేశాన్ని యాత్రికులు పట్టించుకోరు గాని, నా దృష్టిలో పండుగకు వెన్నెముక ఇదే.

పండుగ రాత్రి చెక్కబొమ్మలాట ‘వాయాంగ్ గోలెక్’ తెల్లవారే వరకు సాగుతుంది. ఉదయం వరి కట్టల ఊరేగింపు మొదలవుతుంది. పురుషులు ‘రెంగ్‌కోంగ్’ అనే వెదురు కావళ్లకు వరి కట్టలు వేలాడదీసి భుజాన ఊపుతూ నడుస్తారు. నార తాడు వెదురుపై రాసుకొన్నప్పుడు గుంపు కప్పలు అరిచినట్టు ఒక ధ్వని పుడుతుంది. దానికి తోడుగా ‘దొగ్దొగ్ లోజోర్’ అనే పొడవాటి డోళ్లు, వెదురు వాద్యమైన అంగ్‌క్లుంగ్ మోగుతాయి. అంగ్‌క్లుంగ్‌ను 2010లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. ఈ వాద్యానికీ వరి తల్లిని మేల్కొలిపి సంతోషపెట్టే పనికీ ఉన్న సంబంధం ఈ ఊరేగింపులో ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

అందరి చూపూ చివరికి లెయిత్ సి జిమత్ వైపు తిరుగుతుంది. అబా, ఆయన భార్య కలిసి తల్లి వరిని గాదెలోకి చేరుస్తారు. ఈ ఘట్టానికి ‘న్గదియుక్‌కెన్’ అని పేరు. కూర్చోబెట్టడం అని దాని అర్థం. అత్తవారింటికి వచ్చిన పెళ్లికూతురిని ఎలా కూర్చోబెడతారో, వరిని అంత మర్యాదగా కూర్చోబెడతారు. అంతవరకు మోగిన వాద్యాలు ఆగి, ప్రార్థన మాత్రం వినిపిస్తుంది.

చిగుగూర్‌లో జరిగే సెరెన్ తావున్ కూడా ఇదేనా?

పేరు ఒకటే, పద్ధతి వేరు. కునింగన్ జిల్లా చిగుగూర్‌లో సుండా వివితాన్ అనే స్థానిక మత సంప్రదాయాన్ని అనుసరించేవారు దీన్ని సుండా పంచాంగంలో చివరి నెల అయిన రాయాగుంగ్ 22వ తేదీన ముగిస్తారు. ఆ రోజు 22 క్వింటాళ్ల ధాన్యాన్ని తెస్తారు. 20 క్వింటాళ్లు దంచి జనానికి పంచి, 2 క్వింటాళ్లు విత్తనంగా ఉంచుతారు. దేశాధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వ కాలంలో 1982లో ఈ వేడుకను నిషేధించారు. 1999లో గాని అది తిరిగి మొదలు కాలేదు. ఒక తరం పిల్లలు తమ కోత పండుగను చూడకుండానే పెద్దవారయ్యారన్న మాట.

హరిత విప్లవం ఈ గ్రామాలను తాకలేదా?

చుట్టుపక్కల అంతా తాకింది. 1960ల చివర నుంచి ప్రభుత్వం అధిక దిగుబడి రకాలను, ఎరువులను, పురుగుమందులను పెద్ద ఎత్తున ప్రవేశపెట్టింది. 1984లో దేశం బియ్యంలో స్వయంసమృద్ధి సాధించింది, ఆ విజయాన్ని తక్కువ చేయలేము. కానీ ఏడాదికి రెండు మూడు పంటలు విరామం లేకుండా వేసిన చోట్ల సుడిదోమ విరుచుకుపడింది. మందు కొట్టిన కొద్దీ దోమను తినే సాలీళ్లు చచ్చి దోమ మరింత పెరగడంతో, 1986లో అధ్యక్షుడి ఆదేశంతో వరిలో 57 పురుగుమందుల వాడకాన్ని నిషేధించారు. కసెపుహాన్ గ్రామాలు మాత్రం ఒక్క పంటకూ, దేశవాళీ రకాలకూ కట్టుబడి ఉండిపోయాయి.

ఈ చరిత్రలో తెలుగునాడుకు నిజమైన సంబంధం ఒకటుంది. 1966లో విడుదలైన ఐఆర్8 వంగడానికి ఒకవైపు తైవాన్ పొట్టి రకం, మరోవైపు ఇండోనేసియాకు చెందిన ‘పేటా’ అనే పొడుగు రకం జన్మనిచ్చాయి. 1967లో పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు ఐఆర్8ను పండించి దేశం దృష్టిని ఆకర్షించారు. ఆ గింజలో సగం రక్తం ఇండోనేసియాదే.

అడవి, భూమి ఎవరివి?

ఈ ప్రశ్నే కసెపుహాన్ ప్రజలను ఎక్కువగా బాధించింది. వారి పొలాల్లో, అడవుల్లో చాలా భాగం 1992లో ఏర్పడి 2003లో విస్తరించిన జాతీయ ఉద్యానవనం పరిధిలోకి వచ్చింది. తాతల నాటి హూమా చట్టం దృష్టిలో ఆక్రమణగా మారింది. ఆచారపరమైన అడవులు ప్రభుత్వ అడవులు కావని 2013లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పునిచ్చాక, బాంతెన్ రాష్ట్రంలోని లెబక్ జిల్లా 2015లో కసెపుహాన్ సముదాయాలను గుర్తిస్తూ శాసనం చేసింది. 2016 చివరలో దేశాధ్యక్షుడు తొలి విడతగా గుర్తించిన ఆచార అడవుల్లో కసెపుహాన్ కరాంగ్‌ది ఒకటి. చాలా చోట్ల సమస్య ఆ తరువాత కూడా మిగిలింది. నేల మీద హక్కు లేనివారు కోతకు ఎవరిని సెలవు అడగాలి, పూర్వీకులనా, అటవీ అధికారినా అన్నది వారికి మాటవరస ప్రశ్న కాదు.

వారు ఆధునిక సాధనాలన్నిటినీ నిరాకరిస్తారా?

లేదు. చిప్తగెలార్‌లో వాగు నీటితో విద్యుత్తు తయారు చేసుకుంటున్నారు. 2008 నుంచి వారికి సొంత టెలివిజన్ కేంద్రం ఉంది. నియమం వరికి సంబంధించినంత వరకే.

వరిని ఎందుకు అమ్మరు? అక్కడికి వెళ్తే ఆ బియ్యం కొనుక్కోవచ్చా?

కొనలేరు. వడ్లు గాని, బియ్యం గాని అమ్మడం ఆచారం ఒప్పుకోదు. వరి ప్రాణం, తల్లి, కాబట్టి దానికి ధర కట్టకూడదు. ఈ నియమం వల్ల పంట బాగా పండిన ఏడు ధాన్యమంతా వ్యాపారి బండి ఎక్కిపోదు, పండని ఏడు గాదెలు ఖాళీగా ఉండవు. డబ్బు అవసరానికి అరెన్ చెట్టు నుంచి తీసిన బెల్లం, కూరగాయలు అమ్ముకుంటారు. ఆ బెల్లాన్ని మీరూ కొనుక్కోవచ్చు. బియ్యం మాత్రం తినడానికే దొరుకుతుంది. పెద్ద ఇంటి వంటశాలలో వచ్చిన అతిథికి అన్నం పెడతారు, దానికి వెల అడగరు.